గ్యాస్ బండలో వేడి ఎక్కడుంది?

వంటింటి గ్యాస్ బండలో ఉండేది 14.2 కిలోల గ్యాసు. బ్యూటేన్, ప్రొపేన్‌ల మిశ్రమం. రెండింటిలోనూ కార్బన్, హైడ్రోజన్ తప్ప మరో మూలకం ఉండదు. లీకైతే తెలియడానికి కలిపే గంధకపు వాసన సరుకు చిటికెడే, దాన్ని పక్కన పెట్టొచ్చు. బండను ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది. రెండు పొయ్యిలూ పెద్ద మంట మీద ఉన్నప్పుడైతే ఇంకాస్త చల్లబడుతుంది కూడా. మరి ఇంత చల్లటి ఇనప బండలోంచి ఓ కుటుంబానికి నెలకు పైగా అన్నం, పప్పు ఉడికించేంత వేడి ఎలా వస్తోంది?

ఎవర్ని అడిగినా ఒకటే జవాబు. ‘గ్యాసులో వేడి దాగి ఉంటుంది, మండితే బయటికొస్తుంది’. కాస్త సైన్సు చదివినవాళ్లైతే ఇంకో మాట చేరుస్తారు. ‘అణువుల్లోని బంధాలు తెగినప్పుడు వాటిలోని శక్తి విడుదలవుతుంది’ అని. వినడానికి బావుంది. కానీ తలకిందులు! బంధం తెగితే శక్తి రాదు. బంధం తెంచాలంటే శక్తి పెట్టాలి. బంధం కుదిరినప్పుడే శక్తి బయటికొస్తుంది.

స్టీలు గ్లాసులో గ్లాసు ఇరుక్కుపోతే విడదీయడానికి ఎంత తంటాలు పడాలో తెలిసిందే. అవి విడిపోతూ ఎవరికీ బలం ఇవ్వవు, బలం అడుగుతాయి. అణువులోని పరమాణువులూ అంతే. కలిసి ఉంటేనే వాటికి హాయి. అందుకే కలిసి ఉన్నాయి. ఒక్కో రకం బంధాన్ని తెంచడానికి ఎంత శక్తి కావాలో రసాయన శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కొలిచి పట్టికలు వేశారు. దాన్నే బంధ శక్తి అంటారు. సరిగ్గా అదే బంధం కొత్తగా ఏర్పడితే అంతే శక్తి తిరిగొస్తుంది. పైసా ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు.

ఈ పట్టిక చేతిలో ఉంటే చాలు, మంట వెలిగించకుండానే ఎంత వేడి వస్తుందో కాగితం మీద తేల్చేయొచ్చు. బ్యూటేన్ లెక్క కాస్త పొడుగు. అంతకంటే తేలికైంది మీథేన్. గొట్టాల ద్వారా ఇళ్లకు వచ్చే సహజవాయువులోనూ, ఆటోల్లో పోసే సీఎన్‌జీలోనూ ప్రధానంగా ఉండేది ఇదే. కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వితే వచ్చేదీ ఇదే.

మీథేన్ అణువులో ఒక కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు. అంటే కార్బన్-హైడ్రోజన్ బంధాలు నాలుగు. ఒక్కోటి తెంచడానికి మోల్‌కి 413 కిలోజౌళ్ల ఖర్చు. మోల్ అంటే కంగారు అక్కర్లేదు, మీథేన్ విషయంలో అది 16 గ్రాములు. నాలుగు బంధాలకు 1652. ఈ మీథేన్ మండాలంటే రెండు ఆక్సిజన్ అణువులు కావాలి. ఆక్సిజన్ అణువులోని జంట బంధం తెంచడానికి 498, రెండింటికి 996. మొత్తం ఖర్చు 2648 కిలోజౌళ్లు.

ఇక జమ. ఒక కార్బన్ డయాక్సైడ్ ఏర్పడుతుంది. అందులో కార్బన్-ఆక్సిజన్ జంట బంధాలు రెండు, ఒక్కోటి 799. రెండూ కలిపి 1598. నీటి అణువులు రెండు. వాటిలో ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలు నాలుగు, ఒక్కోటి 463. అవి 1852. మొత్తం జమ 3450.

జమలోంచి ఖర్చు తీసేస్తే మిగిలింది 802 కిలోజౌళ్లు. ఇదే పొయ్యి మీదకు వచ్చే వేడి. ఏ మాత్రం వృథా పోకుండా వాడుకోగలిగితే, ఈ 16 గ్రాముల గ్యాసుతో దాదాపు రెండు లీటర్ల 700 మిల్లీలీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్లొచ్చు. నిజంగా మీథేన్‌ను మండించి, పుట్టిన నీరు ఆవిరిగానే ఉండేలా లెక్కగట్టినా వచ్చే విలువ 802 దగ్గరే. ఆవిరి కూడా చల్లబడి నీరైతే మరో 88 కలిసి 890 అవుతుంది. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. పరీక్షలో మాత్రం అక్కడే మార్కులు పోతాయి.

ఇలా స్థిరమైన పీడనం దగ్గర చర్యలో ఇచ్చిపుచ్చుకునే వేడినే ఎంథాల్పీ మార్పు అంటారు. వేడి బయటికొస్తే మైనస్, లోపలికి పోతే ప్లస్. మీథేన్ దహనానికి మైనస్ 802 అని రాయడం అందుకే. వేడి వచ్చింది కదా, మైనస్ ఎందుకని పిల్లలు తికమక పడతారు. లెక్క రాసేది పొయ్యి దగ్గరున్న మనిషి వైపు నుంచి కాదు, పదార్థం వైపు నుంచి. దాని సంచిలోంచి 802 పోయింది, అందుకే మైనస్.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఓ అనుమానం రావాలి. పొయ్యి మంటలో మీథేన్ నిజంగా నాలుగు బంధాలూ ఒకేసారి తెంపుకుని, ఆక్సిజన్ ముక్కలు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుందా? లేదు. మంట లోపల జరిగేది వేరు. క్షణంలో వెయ్యో వంతులో ఎన్నో చిన్న చిన్న చర్యలు, మధ్యలో పుట్టి వెంటనే మాయమయ్యే ముక్కలు, అదో పెద్ద గందరగోళం. కాగితం మీద వేసిన దారి అసలు దారే కాదు. మరి లెక్క ఎలా కుదిరింది?

దీనికి జవాబు 1840లోనే దొరికింది. దొరికించుకున్నది గెర్మైన్ హెస్. 1802లో జెనీవాలో పుట్టాడు. తండ్రి చిత్రకారుడు. పిల్లాడికి మూడేళ్ల వయసులో కుటుంబం రష్యా వెళ్లిపోయింది. హెస్ చదివింది వైద్యం, కొన్నాళ్లు సైబీరియాలోని ఇర్కుట్స్క్‌లో డాక్టరుగా పనిచేశాడు కూడా. కానీ మనసంతా రసాయన శాస్త్రం మీదే. మధ్యలో స్టాక్‌హోంలో బెర్జీలియస్ దగ్గర కొద్దిరోజులు గడిపొచ్చాడు. చివరికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడి పాఠాలు చెప్పాడు. ఆయన రాసిన పాఠ్యపుస్తకంతోనే ఒక తరం రష్యన్ విద్యార్థులు రసాయన శాస్త్రం నేర్చుకున్నారు.

హెస్ చేసిన ప్రయోగం చెబితే ఇంతేనా అనిపిస్తుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసుకున్నాడు. దాన్ని నీళ్లలో కలిపితే బాగా వేడెక్కుతుంది. అమ్మోనియాతో తటస్థీకరిస్తే మళ్లీ వేడి పుడుతుంది. ఆయన ఒక్కో పాత్రలో ఆమ్లానికి ఒక్కో మోతాదులో నీళ్లు కలిపి, ఆ తర్వాత అమ్మోనియా పోశాడు. ముందే నీళ్లు ఎక్కువ కలిపిన ఆమ్లం అమ్మోనియాతో తక్కువ వేడి ఇచ్చింది. నీళ్లు తక్కువ కలిపింది ఎక్కువ ఇచ్చింది. కానీ రెండు మెట్ల వేడీ కూడితే ప్రతి పాత్రలోనూ ఇంచుమించు ఒకటే మొత్తం!

మొదలు ఒకటే, చివర ఒకటే అయితే మధ్యలో ఏ దారిన వెళ్లినా మొత్తం వేడి మారదన్నమాట. అదే హెస్ నియమం. తిరుపతి బస్టాండు నుంచి కొండ మీదికి వెళ్లేవాళ్లలో కొందరు అలిపిరి మెట్లెక్కుతారు. కొందరు శ్రీవారి మెట్టు దాకా వెళ్లి అక్కణ్నుంచి ఎక్కుతారు. ఓపిక లేనివాళ్లు ఘాట్ రోడ్డులో బస్సెక్కుతారు. చెమట వేరు, సమయం వేరు, ఖర్చు వేరు. పైకి చేరాక అందరూ ఎక్కిన ఎత్తు మాత్రం ఒకటే. మీథేన్ అణువు మంటలో ఏ మెట్లెక్కి ఏ మెట్లు దిగిందో తెలియకపోయినా ఫర్వాలేదన్నమాట. అన్ని బంధాలూ తెగి, అన్నీ మళ్లీ కట్టుకున్నట్టు ఊహించిన ఘాట్ రోడ్డు కూడా ఆ ఎత్తునే చూపిస్తుంది.

ఇందులో ఆశ్చర్యం ఇంకోటుంది. శక్తిని పుట్టించలేం, నాశనం చేయలేం అన్న సూత్రంలోంచి హెస్ నియమం దానంతటదే వస్తుందని నేటి పుస్తకాలు చెబుతాయి. నిజమే. అయితే 1840 నాటికి ఆ సూత్రమే ఇంకా బయటికి రాలేదు. మేయర్ వ్యాసం 1842లో, జౌల్ ప్రయోగాలు 1843లో, హెల్మ్‌హోల్ట్జ్ రచన 1847లో వచ్చాయి. కారణం తెలియకముందే కొలతల్లోంచి ఫలితం పట్టుకున్నాడు హెస్. 1850లో, యాభై ఏళ్లు నిండకుండానే చనిపోయాడు.

ఈ నియమం లేకపోతే కొన్ని లెక్కలు ఎప్పటికీ తేలేవి కావు. బొగ్గుల కుంపటే చూడండి. గాలి బాగా తగిలితే కార్బన్ పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. మోల్‌కి, అంటే 12 గ్రాములకి, 393.5 కిలోజౌళ్ల వేడి. గాలి చాలకపోతే సగంలోనే ఆగి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. దీనికెంత వేడి వస్తుంది? నేరుగా కొలవడం కుదరదు. కార్బన్‌ను సరిగ్గా మోనాక్సైడ్ దగ్గర ఆపి మండించడం ఎవరివల్లా కాదు, కొంత ఎప్పుడూ డయాక్సైడ్ అయిపోతుంది. హెస్ దారిలో వెళ్తే చిక్కే లేదు. మోనాక్సైడ్‌ను విడిగా తీసుకుని మండిస్తే 283 కిలోజౌళ్లు వస్తున్నాయి. ఇది సులువుగా కొలవొచ్చు. 393.5 లోంచి 283 పోతే 110.5. అంతే!

ఈ 110.5 అంకె పుస్తకానికే పరిమితం కాదు. గాలి ఆడని గదిలో కుంపటి పెట్టుకుంటే ఆ బొగ్గు ఇవ్వాల్సిన వేడిలో సగంలోనే ఆగిపోయిన భాగం నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, 28 శాతమే ఇస్తుంది. మిగిలిన 72 శాతం వేడి మోనాక్సైడ్ వెంట గదిలో తిరుగుతుంటుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. చలికాలంలో తలుపులు బిగించి కుంపటి పక్కన పడుకున్నవాళ్ల ప్రాణాలు తీసేది అదే. ఉక్కు కర్మాగారాల్లో మాత్రం ఇదే వాయువుకు విలువ ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనప ఖనిజాన్ని ఇనుముగా మార్చేది మోనాక్సైడే. మిగిలిపోయి పైకొచ్చిన దాన్ని పట్టి మళ్లీ మండించుకుంటారు. ఆ 283 ఊరికే పోనివ్వరు.

వజ్రం గ్రాఫైట్‌గా మారితే వచ్చే వేడి కూడా ఇలాగే తేల్చారు. ఆ మార్పు కళ్లముందు జరగాలంటే ఎన్ని యుగాలు కూర్చున్నా చాలదు. అందుకని రెండింటినీ విడివిడిగా కాల్చారు. వజ్రం 395.4, గ్రాఫైట్ 393.5. తేడా 1.9 కిలోజౌళ్లు. అరవై క్యారెట్ల వజ్రం, గోల్కొండదే అనుకోండి, పెన్సిల్ ముల్లుగా మారిపోతే దక్కేది ఓ చిన్న గ్లాసు నీళ్లు నాలుగు డిగ్రీలు వేడెక్కేంత.

మళ్లీ బండ దగ్గరికి వస్తే, బంధాల పట్టిక ఇంకో గుట్టు విప్పుతుంది. అందులోని 14.2 కిలోల గ్యాసు పూర్తిగా మండటానికి దాదాపు 51 కిలోల ఆక్సిజన్ కావాలి. అందుకోసం వంటింటి కిటికీలోంచి 220 కిలోల గాలి లోపలికి రావాలి. బిల్లులో ఈ ఆక్సిజన్ ఊసే ఉండదు. చివరికి తయారయ్యేది 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీరు. నెల తిరిగేసరికి వంటింట్లో పెద్ద బిందెడు నీళ్లు ఆవిరై తేలిపోతాయన్నమాట, ఎవరికీ కనిపించకుండా.

అసలు వేడి ఎవరిది మరి? పట్టిక వైపు చూస్తే ఆక్సిజన్ బంధం 498 అని ఉంది. జంట బంధమై ఉండి కూడా ఇంత తక్కువా! నీటిలోని ఒంటి బంధానికే 463 ఉంది. అదే గాలిలో పక్కనే ఉండే నైట్రోజన్ బంధం 945. అందుకే నైట్రోజన్ మంటలోకి వెళ్లి, వేడెక్కి, ఏమీ పట్టనట్టు బయటికొచ్చేస్తుంది. ఆక్సిజన్ బంధం చవగ్గా తెగుతుంది, ఆ ముక్కలు కార్బన్‌తోనూ హైడ్రోజన్‌తోనూ ఖరీదైన బంధాలు కట్టుకుంటాయి. లాభమంతా ఆ తేడాలోనే ఉంది.

ఇది ఎంత నిజమంటే, ఏ ఇంధనమైనా సరే, ఖర్చయిన ఆక్సిజన్‌ను బట్టి లెక్కేస్తే వేడి దాదాపు ఒకేలా వస్తుంది. మోల్ ఆక్సిజన్‌కి మీథేన్ ఇచ్చేది 445 కిలోజౌళ్లు. బ్యూటేన్ 443. ఆల్కహాల్ 456. ఒంట్లో కరిగే గ్లూకోజ్ 467. పొయ్యిలో గ్యాసు, పొట్టలో అన్నం ఒకే ధరకు అమ్ముడుపోతున్నాయి! ఇంధనాల్లోని ఈ పోలికను 1917లోనే థార్న్‌టన్ గమనించాడు. అగ్నిప్రమాదాల పరిశోధన శాలల్లో ఇప్పటికీ దీన్నే వాడతారు. సోఫా ఒకటి తగలబెట్టి, అందులో ఏ ఫోమ్ ఉందో, ఏ చెక్క ఉందో చూడరు. ఎంత ఆక్సిజన్ తగ్గిందో కొలుస్తారు, కిలోకి 13.1 మెగాజౌళ్ల చొప్పున గుణిస్తారు.

కాబట్టి వేడి బండలోనూ లేదు, గాలిలోనూ లేదు. రెండూ కలిస్తే కుదిరే బేరంలో ఉంది.

ఈ బేరం లెక్కలో ఏటా ఇంటర్ పిల్లలు బోల్తా పడే చోటు ఒకటుంది. ఎంథాల్పీ మార్పుకు రెండు సూత్రాలు చెబుతారు. మూలకాల నుంచి పదార్థాలు ఏర్పడేటప్పటి ఎంథాల్పీలతో లెక్కేస్తే చివరి పదార్థాల మొత్తంలోంచి మొదటి వాటిని తీసేయాలి. బంధ శక్తులతో అయితే రివర్సు, మొదటి వాటిలోంచి చివరివి తీసేయాలి. ఎందుకు తిరగబడిందో చాలా తరగతుల్లో చెప్పరు, బట్టీ పట్టిస్తారు. ఎంట్రన్సు హాల్లో ఆ బట్టీ కాస్తా తారుమారవుతుంది.

నిజానికి ఊళ్లో దిగుడుబావి చూసినవాళ్లకి ఇది చిటికెలో అర్థమయ్యే సంగతి. నలభై అడుగుల బావి. ఎండాకాలం గట్టు మీద నుంచి ముప్ఫై అడుగుల లోతున నీళ్లున్నాయి. వానలు పడ్డాక పది అడుగుల లోతుకే కనిపిస్తున్నాయి. నీళ్లు ఎంత పెరిగాయి? పాత లోతులోంచి కొత్త లోతు తీసేస్తే ఇరవై. అదే అడుగు నుంచి ఎత్తు కొలిచేవాడు కొత్త ఎత్తు ముప్ఫైలోంచి పాత ఎత్తు పది తీసేస్తాడు. అతనికీ ఇరవయ్యే. బంధ శక్తి లోతు కొలత. విడివిడి పరమాణువులు గట్టు మీద ఉన్నట్టు, బంధం ఎంత గట్టిదైతే అంత లోతున ఉన్నట్టు. ఏర్పడేటప్పటి ఎంథాల్పీ ఎత్తు కొలత. దానికి సున్నా గుర్తు మూలకాల దగ్గర గీశారు కనుక, ఆ గీత కిందున్న వాటికి మైనస్ పడుతుంది.

జీవశాస్త్రం పీరియడ్ దగ్గర ఇంకో చిక్కు. ఏటీపీలో ‘అధిక శక్తి బంధం’ ఉంటుందని, అది తెగితే శక్తి విడుదలవుతుందని చెబుతారు. 1941లో లిప్‌మన్ తెచ్చిన మాట అది. పక్క గదిలో కెమిస్ట్రీ మాస్టారు బంధం తెంచడానికి శక్తి కావాలంటున్నారు. పిల్లలు రెండూ రాసుకుని రెండింటికీ మార్కులు తెచ్చుకుంటారు. లోపల మాత్రం ఏది నిజమో తేలదు. ఏటీపీ తెగేది ఒంటరిగా కాదు, నీటితో కలిసి. ఆ బంధం తెగడానికీ ఖర్చవుతుంది. కొత్తగా ఏర్పడే పదార్థాలు, వాటి చుట్టూ చేరే నీటి అణువులు ఇంకా ఎక్కువ స్థిరంగా ఉండటం వల్ల లాభం మిగులుతుంది. గ్యాసు పొయ్యి కథే, మంట లేదంతే.

అలాగని బంధాల పట్టికను గుడ్డిగా నమ్మితే కష్టం. అందులోవి సగటు విలువలు. నీటి అణువులో మొదటి హైడ్రోజన్‌ను ఊడదీయడానికి దాదాపు 497 కావాలి. రెండోదానికి దాదాపు 430 చాలు. పట్టికలో 463 అని వేస్తారు. కార్బన్-ఆక్సిజన్ జంట బంధం ఎదురుగా చాలా పుస్తకాల్లో 745 అని ఉంటుంది. అది మామూలు కర్బన పదార్థాల్లో సంగతి. కార్బన్ డయాక్సైడ్‌లో మాత్రం 799. తెలియక 745 వేసుకుంటే మీథేన్ లెక్క 802కి బదులు 694 దగ్గర తేలుతుంది. పైగా పట్టిక అంతా వాయువులకే. ద్రవాలు, ఘనాలు వస్తే వాటిని ఆవిరి చేసే ఖర్చు విడిగా కలపాలి.

అమ్మోనియా తయారీ లాంటి వాటికి మాత్రం పట్టిక చక్కగా సరిపోతుంది. నైట్రోజన్‌కు 945, మూడు హైడ్రోజన్లకు 1308 ఖర్చు. ఆరు నైట్రోజన్-హైడ్రోజన్ బంధాలు, ఒక్కోటి 391 చొప్పున 2346 జమ. మిగులు 93. కొలిస్తే వచ్చేది 92. రామగుండంలో యూరియా కోసం అమ్మోనియా చేసే చోట చల్లబరిచే ఏర్పాట్లు ఈ వేడిని దృష్టిలో పెట్టుకునే ఉంటాయి. అదే యూరియాను రైతు బకెట్ నీళ్లలో వేసి కలిపితే మాత్రం చెయ్యి చల్లబడుతుంది. అక్కడ స్ఫటికాన్ని విడదీసే ఖర్చు ఎక్కువ, నీటితో కలిస్తే వచ్చే జమ తక్కువ. లోటును నీళ్ల నుంచే లాక్కుంటుంది.

లెక్క తప్పినప్పుడు కూడా ఓసారి పెద్ద సంగతే బయటపడింది. బెంజీన్ వలయంలో మూడు జంట బంధాలున్నాయని 1865లో కెకూలే చెప్పాడు. ఆ లెక్కన దానికి హైడ్రోజన్ కలిపితే ఎంత వేడి రావాలి? ఒకే జంట బంధమున్న సైక్లోహెక్సీన్ 120 కిలోజౌళ్లు ఇస్తుంది. మూడింటికి 360 రావాలి. 1930ల్లో హార్వర్డ్‌లో కిస్టియాకోవ్‌స్కీ బృందం జాగ్రత్తగా కొలిస్తే వచ్చింది 208. ఎక్కడికి పోయాయి మిగతా 152? కొలత తప్పు కాదు, బొమ్మ తప్పు. బెంజీన్‌లో మూడు జంట బంధాలు, మూడు ఒంటి బంధాలు అంటూ విడిగా లేవు. ఆరు బంధాలూ ఒకే తీరున, మధ్యరకంగా ఉన్నాయి. ఆ ఏర్పాటు వల్ల అణువు అనుకున్నదానికంటే 152 కిలోజౌళ్లు ఎక్కువ లోతున, స్థిమితంగా కూర్చుంది. ఆ తేడాకు రెజొనెన్స్ శక్తి అని పేరు.